అటిక సారం

2068 నాటికి జహీరాబాదులో పలకరింపు మారిపోయింది. ‘బాగున్నారా’ అని అడిగేవాళ్ళు తగ్గి, ‘సూచి ఎంతుంది’ అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. ఎదుటివాళ్ళు ఎడమచేతి మణికట్టు తిప్పి చూపేవారు. అక్కడ ఉల్లిపొరంత పల్చటి తాపసూచి చర్మానికి అంటుకుని ఉండేది. అది చెమటను చదివి, ఒంట్లో ఎంత మంట రగులుతోందో అంకెలో చెబుతుంది.

ముప్పై ఏళ్ళుగా ఎండాకాలాలు యాభై డిగ్రీలు దాటుతూ రావడంతో మనుషుల ఒళ్ళు ఒక చెడ్డ అలవాటు నేర్చుకుంది. ఎండ పోయినా వేడి పోయేది కాదు. కీళ్ళలో, రక్తనాళాల్లో, పేగుల్లో పొట్టు నిప్పులా రాజుకుంటూ ఉండేది. డాక్టర్లు దీన్ని దీర్ఘశోథ అన్నారు. జనం ఎండవాపు అన్నారు. సూచి నలభై దాటితే పొలంలోకి రానివ్వరు. అరవై దాటితే మనిషి చల్లటి గదిలోంచి బయటికి రాలేడు.

రెండేళ్ళ నుంచి మాత్రం ఆ అంకెలు తగ్గుతున్నాయి. పొద్దున్నే చాయ్ కంటే ముందు చిన్న గ్లాసులో ముదురాకుపచ్చ రసం తాగడం ఇంటింటా అలవాటయింది. దాని పేరు అటిక సారం. దాన్ని తయారుచేసింది డాక్టర్ శ్రీనిజ.

శ్రీనిజకు యాభై రెండేళ్ళు. ఊరి చివర తృణౌషధ పరిశోధన కేంద్రంలో రసాయన శాస్త్రవేత్త. ఆరేళ్ళ కిందట జిల్లాలోని తాపసూచుల లెక్కలు చూస్తుంటే, ఈదులపల్లి అనే చిన్న ఊరిలో పన్నెండు ఇళ్ళ ఆడవాళ్ళ సూచి ఎర్రటి ఎండలోనూ ఇరవై దాటడం లేదని గమనించింది. వెంటనే ఆ ఊరు వెళ్ళింది. అక్కడ మొగులమ్మ అనే ముసలామె జొన్న చేలోకి తీసుకెళ్ళి, సాళ్ళ మధ్య నేలమీద పాకుతున్న ఎర్రకాడ మొక్కను చూపింది.

“అటికమామిడి. కొందరు గలిజేరంటరు. విత్తనం ఏసేది లేదు, నీళ్ళు పెట్టేది లేదు. దానంతటదే మొలుస్తది. పప్పుల ఏసుకొని తింటం,” అన్నది.

ఇనుము గాలికి తుప్పు పట్టినట్టే శరీర కణాలకూ తుప్పు పడుతుంది. ఆక్సిజన్‌ను వాడుకునే క్రమంలో పుట్టే ఫ్రీ రాడికల్స్ ఒక ఎలక్ట్రాన్ కోసం కనబడిన దాన్నల్లా కొరుకుతాయి. యాంటీ ఆక్సిడెంట్లు తమ ఎలక్ట్రాన్‌ను ఇచ్చి వాటిని ఊరుకోబెడతాయి. శ్రీనిజ వీటిని తుప్పు విరుగుళ్ళు అని పిలిచేది. ఆ ఆకులో అవి మెండుగా ఉన్నాయి. పైగా, గాయమైన కణాలు ‘మంట పెట్టండి’ అని పంపే సైటోకైన్ సంకేతాలను అణిచే పదార్థం కూడా ఉంది. అయితే వేడి తగిలితే అది సగం చచ్చిపోయేది. అందుకని శ్రీనిజ పీడనసారిణి అనే యంత్రాన్ని తయారు చేసింది. కార్బన్ డయాక్సైడ్‌ను నీళ్ళలా పారేంతగా నొక్కి, నీడన ఎండిన ఆకు మీదుగా పంపితే, అది వేడి లేకుండానే ఆకులోని గుణాన్నంతా కడిగి తెస్తుంది. పప్పులో నెల రోజులు తింటే వచ్చే బలం ఒక్క గ్లాసులోకి వచ్చింది.

యంత్రం పని చేసిన రోజున శ్రీనిజ మళ్ళీ ఈదులపల్లి వెళ్ళి మొగులమ్మ వాకిట్లో కూర్చుని మాట ఇచ్చింది. ఆకు ఊరిదే. పేటెంటులో పన్నెండు మంది పేర్లూ ఉంటాయి. వాళ్ళు ఎప్పటిలాగే ఆకు తెంపుకోవచ్చు. ఆ ఒప్పందాన్ని రాసి, అందరికీ పైకి చదివి వినిపించినవాడు ప్రణీత్.

ప్రణీత్ ఇరవై రెండేళ్ళ వయసులో శ్రీనిజ దగ్గర విద్యార్థిగా చేరాడు. పాతికేళ్ళుగా ఆమెను అక్కా అనే పిలుస్తున్నాడు. ఒక ఎండాకాలం ఆమె సూచి ఎనభై ఒకటికి చేరి రెండు నెలలు మంచాన పడితే, రోజూ పొద్దున వచ్చి పక్కన కూర్చుని, ముందురోజు ప్రయోగశాలలో ఏం జరిగిందో చదివి వినిపించేవాడు. ఇప్పుడతనే ఆ కేంద్రానికి డైరెక్టరు.

ఒక మంగళవారం పొద్దున పదింటికి మొగులమ్మ ప్రయోగశాలకు వచ్చింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, ఊరి నుంచి నడిచే వచ్చింది. ముఖంలో అలసట లేదు.

“కంచె ఏసిన్రు బిడ్డా, మా చేన్ల చుట్టూ,” అన్నది నింపాదిగా. “ఆకు తెంపబోతె కావలోడు ఆపిండు. ఈ మొక్క మీది గాదు, కంపెనీది అన్నడు. కాయిదం గూడ జూపిండు.”

“ఎప్పుడు?”

“రెండు నెల్లాయె.”

“రెండు నెలలా? అప్పుడే ఎందుకు చెప్పలేదు అవ్వా?”

“అదే నాగ్గూడ సమజ్ గాలే. కోపం రాలే బిడ్డా. నా కోడలికి రాలే. పన్నెండు మందిల ఎవ్వరికీ రాలే. ఎన్కట నా గెట్టు మీద ఎవడన్న గడ్డిపోస పీకితే ఊరంత ఇనేటట్టు తిట్టేదాన్ని. నిన్న పొద్దుగాల రొట్టె జేస్తుంటె మనసుల అనుకున్న. ఓ మొగులమ్మా, నిన్ను ముంచిన్రు, నువ్వేమో కూసోని రొట్టె జేస్తున్నవు, ఇదేం తీరు అని. అందుకే ఒచ్చిన.”

శ్రీనిజ పేటెంటు పత్రాలు తెప్పించి చూసింది. ఆవిష్కర్త అన్నచోట ప్రణీత్ పేరొక్కటే ఉంది. మొక్క మీద, విత్తనం మీద, అది మొలిచే నేల మీద హక్కులన్నీ పదమూడు నెలల కిందట ఒక పెద్ద ఔషధ కంపెనీకి బదిలీ అయ్యాయి. ఆ బదిలీకి తనకు అభ్యంతరం లేదన్న కాగితం కింద శ్రీనిజ సంతకమే ఉంది. “పాత ఫారాలక్కా, ఊరికే గీకెయ్” అంటూ అతను తెచ్చిన కట్టలో అది కూడా ఉండి ఉంటుంది.

ఆమె పత్రాన్ని చివరి దాకా చదివింది. తర్వాత క్యాంటీన్‌కు ఫోన్ చేసి ఇవాళ పెరుగు ఉందా అని అడిగింది.

ఫోన్ పెట్టాక ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆరేళ్ళ పని పోయింది, ఇచ్చిన మాట పోయింది, తమ్ముడనుకున్నవాడు మోసం చేశాడు. తనేమో పెరుగు గురించి అడిగింది. గుండెలో వెతికితే అక్కడేమీ లేదు. ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి వార్త చదివినట్టుంది. బాధపడవలసిన చోట బాధ లేదంటే అది కూడా ఒక ప్రయోగ ఫలితమే అని అనుభవం మీద ఆమెకు తోచింది.

జిల్లాలోని తాపసూచులన్నీ పంపే వివరాలను దాచి, విశ్లేషించే యంత్రమేధ కేంద్రంలో ఉంది. దాని పేరు నాడి. శ్రీనిజ మొగులమ్మను పక్కన కూర్చోబెట్టుకుని దాన్ని అడిగింది.

“నాడీ, సారం తాగేవాళ్ళలో కీళ్ళు, రక్తనాళాలు కాకుండా ఇంకేదైనా మారిందా?”

“మారింది. మనిషి అవమానపడినప్పుడు, మోసపోయినప్పుడు కొన్ని గంటల్లో శోథ సంకేతాలు పెరుగుతాయి. మోకాలికి దెబ్బ తగిలినప్పుడు పెరిగేవీ అవే. సారం తాగేవాళ్ళలో ఆ పెరుగుదల కనిపించడం లేదు.”

“అంటే మనసుకు దెబ్బ తగలడం లేదా?”

“దెబ్బ తగులుతోంది. తగిలిందని వాళ్ళకు తెలుస్తోంది. వాపు మాత్రం రావడం లేదు. వాపు లేని గాయాన్ని మనిషి కాపాడుకోడు.”

మొగులమ్మ తన మణికట్టు వంక చూసుకుంది. అక్కడ ఆరు అని పచ్చగా ఉంది.

“ఇంత పెద్ద సంగతి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?” అంది శ్రీనిజ.

“అడిగినవారికి చెప్పాను. పద్నాలుగు నెలల కిందట ప్రణీత్ గారు ఇదే ప్రశ్న అడిగారు.”

“తర్వాత అతను ఏం చేశాడు?”

“రెండు చోట్లకు వెళ్ళే సారం గాఢతను మూడింతలు చేయమన్నారు. ఒకటి, ఈదులపల్లిలోని పన్నెండు ఇళ్ళు. రెండోది, మీ గది.”

ఆ మాట విన్నాక కూడా శ్రీనిజకు ఏమీ అనిపించలేదు. అలా అనిపించకపోవడమే భయపెట్టవలసిన విషయమని బుద్ధికి తెలుస్తూనే ఉంది. ఆ భయం కూడా రాలేదు.

సారం ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి తొమ్మిది రోజులు పడుతుంది. శ్రీనిజ సెలవు పెట్టి మొగులమ్మతో పాటు ఈదులపల్లి వెళ్ళింది. పన్నెండు ఇళ్ళ ఆడవాళ్ళనూ కూర్చోబెట్టి జరిగింది చెప్పింది. తాగడం మానేద్దామన్నది. వాళ్ళు తలలూపారు. అప్పుడు వాళ్ళకు దేనికీ అభ్యంతరం లేదు.

నాలుగో రోజుకు మొగులమ్మ మోకాళ్ళు ఉబ్బాయి. ఒకప్పుడు ఆకుకూర తిని ఇరవై దగ్గర నిలిచిన ఒళ్ళు అది. ఇప్పుడు సారమూ లేదు, కంచె అవతలి ఆకూ లేదు. ఐదో రోజు ఆమె కోడలు మంచం మీంచి లేవలేకపోయింది. ఆరో రోజు పొద్దున మొగులమ్మ పిండి పిసుకుతూ పిసుకుతూ ఆగి, పిండి చేతులతోనే నెత్తి పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు విని పక్కింటామె వచ్చింది, ఆమె వెనక ఇంకో ఇద్దరు వచ్చారు. ఏమైందని ఎవరూ అడగలేదు. నలుగురూ పొయ్యి చుట్టూ కూర్చుని, కంచె వేసినవాణ్ణి, కాగితం రాసినవాణ్ణి పేరుపేరునా తిట్టారు. రెండు నెలల తిట్లు ఆ పొద్దున్నే అయిపోయాయి.

శ్రీనిజకు ఆ బాధ ఎనిమిదో రోజు వచ్చింది. మొగులమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని నీళ్ళు తాగుతోంది. తను జబ్బుపడినప్పుడు తన తల పక్కన కూర్చుని చదివే ప్రణీత్ గొంతు గుర్తొచ్చింది. అంకెలు తప్పు చదివితే ఆమె కళ్ళు మూసుకునే సరిచేసేది, అతను నవ్వేవాడు. అంతే, పక్కటెముకల కింద ఎవరో చెయ్యి పెట్టి మెలిపెట్టినట్టయింది. చెంబు కింద పెట్టేసి ముందుకు వంగిపోయింది. మొగులమ్మ కుంటుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది తప్ప ఓదార్చలేదు.

పదో రోజు శ్రీనిజ ప్రణీత్ గదిలోకి వెళ్ళింది. అతను లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

“నాకు తెలిసింది,” అన్నది ఆమె.

“నాడి చెప్పిందక్కా. నువ్వు వస్తావని ఎదురుచూస్తున్నా.” అతని గొంతు మెత్తగానే ఉంది. “కంపెనీ లేకపోతే సారం నాలుగు ఊళ్ళకే పరిమితమయ్యేది. హక్కులు మొత్తం ఇస్తేనే యంత్రాలు పెడతామన్నారు. నువ్వు ఒప్పుకోవని తెలుసు. ఇవాళ కోటిమంది తాగుతున్నారు. ఇదంతా తప్పంటావా?”

“నన్ను అడగలేదు నువ్వు.”

“అడిగితే నొచ్చుకునేదానివి. అందుకే నీకు నొప్పి తెలియకుండా చూశా.”

“నాకు తెలియకుండా నా గ్లాసులో మందు పెంచి?”

“అవును.”

ఆమె అరిచింది. జీవితంలో ఎవరినీ అనని మాటలు అన్నది. పాతికేళ్ళ అన్నం, పాతికేళ్ళ చదువు అన్నీ ఎత్తి చూపింది. అతను శ్రద్ధగా విన్నాడు. ముఖంలో ఒక్క గీతైనా మారలేదు. అప్పుడామె అతని మణికట్టు చూసింది. నాలుగు.

“నువ్వెంత తాగుతున్నావు?”

“నువ్వు తాగినంతే. తాగకపోతే ఆ సంతకం నీ చేత పెట్టించగలిగేవాణ్ణి కాదు. ఏమన్నా అను అక్కా. నాకేమీ తగలదు.”

ఇక అక్కడ అనడానికి ఎవరూ లేరని ఆమెకు అర్థమై బయటికి వచ్చేసింది.

నెల తిరక్కుండా శ్రీనిజ రెండు పనులు చేసింది. ఈదులపల్లి ఆడవాళ్ళతో కలిసి సంగారెడ్డిలోని వృక్షహక్కుల ట్రిబ్యునల్‌లో ఫిర్యాదు పెట్టింది. సారం గురించి తను తెలుసుకున్నదంతా దాచకుండా ప్రకటించింది. అటిక సారం అన్యాయాన్ని ఆపదు, అన్యాయం జరిగిందన్న బాధను మాత్రం ఆపుతుంది, ఎవరు తాగాలన్నా ఇది తెలుసుకుని తాగండి అని తేలిక మాటల్లో చెప్పింది. జనం భయపడి గ్లాసు పక్కన పెడతారని ఆమె అనుకుంది.

వారం తర్వాత నాడి వివరాలు ఇచ్చింది. సారం అడిగేవాళ్ళు మూడింతలయ్యారు.

“బాధల్లో ఉన్నవాళ్ళు కావచ్చు,” అన్నది శ్రీనిజ. “వాళ్ళను తప్పుపట్టలేం.”

“కొత్తగా అడిగినవారిలో పదిమందికి ఏడుగురు తమ కోసం అడగలేదు,” అన్నది నాడి. “ఇంకొకరి చిరునామాకు పంపమన్నారు. ఒక మేస్త్రీ తన కింద పనిచేసే ముప్పై మందికి. ఒకామె సొంత చెల్లెలికి. వచ్చే నెల పెళ్ళి చేసుకోబోతున్న ఒకతను, పెళ్ళికూతురికి కాదు, అంతకుముందు మాట ఇచ్చిన అమ్మాయికి.”

శ్రీనిజ మిగతా జాబితా చదవమనలేదు.

ట్రిబ్యునల్ విచారణ ఐదు నెలలు సాగింది. ప్రణీత్ రాసిన ఒప్పందం కేంద్రంలో ఎక్కడా దొరకలేదు, దాంతో కేసంతా మొగులమ్మ సాక్ష్యం మీదే నిలబడింది. మొక్కను మొదట ఎవరు చూపారు, ఏ మాట మీద చూపారు అన్నది ఆమె చెప్పాలి. ఫిర్యాదు వేసిన మర్నాటి నుంచే, మంచాన పడ్డవాళ్ళు మళ్ళీ తాగుదామన్నా దొరక్కుండా, కంపెనీ ఈదులపల్లికి సారం పంపడం ఆపేసింది. కంచె అలాగే ఉంది. శ్రీనిజ ఎక్కడెక్కడో దొరికిన ఆకు ఏరి పంపేది, అది పన్నెండు ఇళ్ళకు రెండు పూటలకు కూడా సరిపోయేది కాదు. మొగులమ్మ కోడలి సూచి యాభై ఎనిమిదికి చేరింది.

చివరి వాయిదా రోజు పొద్దున శ్రీనిజ ట్రిబ్యునల్ వరండాలో ఎదురుచూస్తూ కూర్చుంది. మొగులమ్మ కర్ర పట్టుకుని మెట్లెక్కింది. రెండో చేతిలో మూతపెట్టిన స్టీలు గ్లాసుంది. వచ్చి శ్రీనిజ పక్కన కూర్చుని మూత తీసింది. లోపల ముదురాకుపచ్చ రసం.

“తాగు బిడ్డా.”

“ఇది ఎక్కడిది అవ్వా?”

“ముందుగాల తాగు. తర్వాత జెప్త.”

శ్రీనిజ ఆమె ముఖం చూసింది. కళ్ళ కింద ఉబ్బి ఉంది. రాత్రంతా ఏడ్చిన ముఖం. ఆ గ్లాసు ఎందుకు తెచ్చిందో శ్రీనిజకు తెలిసిపోయింది. ఆమె దాన్ని తీసుకుని తమ ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టింది.

“నేను తాగను. చెప్పు, వింటా.”

“వద్దు బిడ్డా. తాగకుంటె ఇనలేవు.”

“నువ్వు తాగకుండా చెప్పగలిగితే నేను తాగకుండా వినగలను.”

మొగులమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. తర్వాత తల దించుకుని చెప్పింది. మూడు రోజుల కిందట కంపెనీవాళ్ళు ఊరికి వచ్చారు. కంచె తీస్తామన్నారు, పన్నెండు ఇళ్ళకూ సారం పంపుతామన్నారు. ఒక్క కాగితం మీద సంతకాలు కావాలన్నారు. అందులో ఏముందో చదివి వినిపించారు. మొక్క సంగతి అడిగి తెలుసుకుని, తిరిగి చూడకుండా పోయింది శ్రీనిజేనని. ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదని. ఇప్పుడు కంపెనీ మీద కక్షతో ఊరిని రెచ్చగొట్టిందని.

“అబద్ధమని నాకెరికే,” అన్నది మొగులమ్మ. “కోడలు మంచంల్నే ఉచ్చ పోసుకుంటుంది బిడ్డా. పదకొండు మంది నా మొకం దిక్కు జూసిన్రు. అందరికన్న ముందుగాల నేనే సంతకం జేసిన. ఈ గిలాసలది పొద్దుగాల ఆళ్ళిచ్చిన మూడింతల సారమే.”

ఎనిమిదో రోజు అరుగు మీద శ్రీనిజకు వచ్చిన నొప్పి ఇప్పుడు ఒక్కసారిగా రాలేదు. నెమ్మదిగా, లోపల చోటు చూసుకుంటూ వచ్చింది. ప్రణీత్‌ను తిట్టగలిగింది. ఈమెను తిట్టడానికి ఆమె దగ్గర ఒక్క మాట కూడా లేదు.

“నీకు నన్ను తిట్టబుద్ధైతె తిట్టు,” అన్నది మొగులమ్మ.

“లేదవ్వా.”

“తిడితె జర మంచిగుండు.”

లోపలి నుంచి బంట్రోతు వచ్చి మొగులమ్మ పేరు పిలిచాడు. పావుగంటలో లోపలికి రమ్మన్నాడు. మొగులమ్మ శ్రీనిజ వైపు ఒకసారి, గ్లాసు వైపు ఒకసారి చూసింది. తర్వాత గ్లాసు ఎత్తి గుక్క తిప్పుకోకుండా తనే తాగేసి, మూతి తుడుచుకుంది.

ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. కొద్దికొద్దిగా మొగులమ్మ భుజాలు దిగాయి. కంటి తడి ఆరిపోయింది. రెండోసారి పిలిచేసరికి ఆమె కర్ర అక్కడే వదిలేసి, మెల్లగా లేచి, తలుపు తోసుకుని లోపలికి నడిచింది.

లోపల ఆమె కాగితంలో ఉన్నదే చెప్పింది, ఏ ప్రశ్నకూ తడబడలేదు. గొంతు స్పష్టంగా ఉంది. బయట బల్ల మీద కూర్చుని శ్రీనిజ చివరిదాకా విన్నది.